మట్టి కుండీ, సిమెంటు మోకాలు

దోంగ్ సాయ్,
3 మార్చి 2009

మియెన్ తల్లికి,

మీ లువా అత్త తన చేత్తోనే రాస్తున్న ఉత్తరం. ఫోన్ చెయ్యమంటావు గానీ నా చెవుల సంగతి నీకు తెలుసు. పక్కింటి హువె ఫోన్‌లో నువ్వొకటి చెబితే నేనొకటి వింటాను, మధ్యలో హువె తన సొంతం కొంత కలుపుతుంది. ఉత్తరంలో అయితే ఎవరూ ఏమీ కలపలేరు. దీన్ని హనోయ్ బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నాను, బాతు గుడ్లు కూడా. పగిలితే అతన్ని అడుగు, నన్ను కాదు.

మీ మావయ్య పడ్డాడు. కంగారుపడకు, ప్రాణానికేమీ లేదు. పై ఊరి వాళ్ళు తమ తండ్రి ఎముకలు ఎత్తించడానికి కొత్త మట్టి కుండీ కావాలంటే, సైకిలు వెనక కట్టుకుని కాలవ గట్టు మీద వస్తున్నాడు. ఎదురుగా గేదె వచ్చింది. ఈ మహానుభావుడు దానికి దారి వదిలి తను కాలవలోకి దిగాడు. కుండీకి ఒక్క పెచ్చు ఊడలేదు. ఆయన కుడి మోకాలు మాత్రం బద్దలైంది. మనిషితో పాటు నీళ్ళలో పడ్డ కుండీ మాకొద్దని వాళ్ళు తీసుకోలేదు. అది ఇప్పుడు మన పెరట్లో బోర్లించి ఉంది, దాని మీద కోడి కూర్చుంటోంది.

జిల్లా ఆస్పత్రిలో ఎక్స్‌రే ఫోటో తీశారు, ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. మోకాలి కింద ఎముక పైభాగం లోపలికి నొక్కుకుపోయిందట. దాన్ని పైకి లేపాలి, లేపితే కింద గుంట మిగులుతుంది, ఆ గుంటలో ఏదో ఒకటి నింపాలి, ఇదంతా హనోయ్‌లోనే అవుతుందన్నారు. తుంటి నుంచి ఎముక తవ్వి అక్కడ పెడతారని కూడా చెప్పారు. మీ మావయ్య ఏమన్నాడో తెలుసా? "తుంటిది తీసి మోకాల్లో పెడితే రేపు నన్ను పేర్చేవాడు దాన్ని ఎక్కడ పెట్టాలి?"

నవ్వుకో, కానీ ఆయన బాధ అదే. మూడేళ్ళు మట్టిలో పడుకున్న మనుషుల్ని పైకి తీసి, ఎముకలు కడిగి, తల నుంచి పాదం దాకా వరసగా కుండీలో పేర్చి మళ్ళీ పడుకోబెట్టడమే ఆయన జీవితం. ఒకసారి ఎవరిదో కాలిలో ఇనప పలక దొరికితే, అది కుండీలో పెట్టాలా బయట పెట్టాలా అని అన్నదమ్ములు సమాధి గట్టు మీదే కొట్టుకున్నారు. అది చూసినప్పటి నుంచి "నాలో నాది కానిదేదీ ఉండకూడదు" అంటున్నాడు. ఇంకోటి కూడా అంటున్నాడు. "గొంతుక్కూర్చోలేకపోతే నేను గుంటలోకి ఎలా దిగుతాను? దిగకపోతే నేనెందుకు?"

నువ్వు పనిచేసేది ఎముకలు అతికించే మందు దగ్గరే కదా. తెలిసిన డాక్టరు ఎవరైనా ఉంటే చెప్పు.

మీ అత్త,
లువా


దోంగ్ సాయ్,
5 మార్చి 2009

మియెన్‌కి,

నువ్వు హువె ఫోన్‌కి పంపిన కబురు అందింది. హువె దాన్ని మీ మావయ్య మంచం దగ్గర నిలబడి, నాకు కూడా వినపడేంత గట్టిగా చదివింది. అంటే వీధి మొత్తం విన్నది. "గుంటకి సిమెంటు కుండీ సిద్ధంగా ఉంది. మావయ్యని వెంటనే తీసుకురండి. అది మేం తయారుచేసిందే. భయపడొద్దు."

భయపడలేదు. కానీ అడుగుతున్నాను, మనిషి కాలు విరగ్గొట్టుకుంటే ఎముకల కుండీ తయారుచేయిస్తారా? అందులోనూ సిమెంటుదా? ఈ ఊళ్ళో దిక్కులేని వాళ్ళకి కూడా కాల్చిన మట్టి కుండీయే ఇప్పించాడు మీ మావయ్య. సిమెంటు కుండీలో తడి చేరుతుందని, ఎముక నల్లబడుతుందని ఎన్నిసార్లు చెప్పి ఉంటాడు నీకు. మీ నాన్న పోయాక నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం తినిపించిన మనిషికి నువ్వు చూసిపెట్టింది ఇదా?

ఆయన ఒక్క మాటన్నాడు. "పోనీలే, చదువుకున్న పిల్ల. ఫోటో చూసి ఇక లాభం లేదని దానికి తెలిసిపోయి ఉంటుంది." అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మాకు మట్టి కుండీ ఉంది. కోడిని లేపితే చాలు.

లువా


హనోయ్,
6 మార్చి 2009

అత్తా,

నీ ఉత్తరం ప్రయోగశాలలో నిలబడే చదివి, నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తాను. బయట బెంచీ మీద కూర్చున్నాక ఏడుపొచ్చింది. ముందు మావయ్యని గోడ వైపు నుంచి ఇటు తిప్పి, ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు. హువె పిన్నికి ఇవ్వకు.

కుండీ లేదు. నేనెవరికీ ఏ కుండీ చెప్పలేదు. తప్పు నా బొటనవేలిది. తొందరలో అక్షరాల మీద గుర్తులు పెట్టకుండా 'తియెవ్' అని కొట్టాను. గుర్తులు లేకపోతే అది కరిగిపోయేదీ కావచ్చు, ఎముకల కుండీ కూడా కావచ్చు. వేరే ఇంట్లో అయితే కరిగేది అనే చదువుకుంటారు. మన ఇంట్లో కుండీ తప్ప ఇంకేం తడుతుంది? నాకు ఆ మాత్రం తోచకపోవడం నా బుద్ధితక్కువ.

నేను రాసింది 'కరిగే సిమెంటు' అని. గుంట అన్నది మోకాల్లోని గుంట. ఇల్లు కట్టేది కాదు అత్తా, పేరొక్కటే సిమెంటు. కాల్షియం ఫాస్ఫేట్ అని ఒక తెల్లటి పొడి, ఎముకలో ఉండే సున్నం లాంటిదే. దాన్ని ద్రవంతో కలిపితే ముద్దవుతుంది. ఆ ముద్దని సూదితో గుంటలోకి ఎక్కిస్తే, ఏ మూల ఎలా ఉందో అలా సర్దుకుని కాసేపట్లో గట్టిపడుతుంది. లేపి పెట్టిన ఎముక మళ్ళీ కుంగకుండా మోస్తుంది. తర్వాత నెమ్మదిగా దానంతటదే కరిగిపోతుంది. తుంటిని ముట్టుకోనక్కరలేదు.

మా దగ్గరి డాక్టరుగారికి ఫోటో చూపించాను. మావయ్యకి ఇది సరిపోతుందని ఆయనే అన్నారు. బంధువుని కాబట్టి నిర్ణయంలో నేను నోరు పెట్టకూడదు, ఆపరేషన్ గదిలోకి కూడా రాకూడదు. ఇది ఇప్పటికి కొద్దిమందికే పెట్టారన్న మాట కూడా దాచను. రెండు వారాలు దాటితే ఎముక ఎలా పడితే అలా అతుక్కుపోతుంది. త్వరగా రండి.

గుడ్లలో రెండే పగిలాయి. వాటినీ వదల్లేదు, అట్టు పోసుకున్నాం.

మీ మియెన్


దోంగ్ సాయ్,
8 మార్చి 2009

మియెన్ తల్లికి,

చదివి వినిపించాను. కుండీ సంగతికి నేను నవ్వాను. హువె మొహం చెల్లక రెండు రోజులుగా ఇటు రావడం లేదు, అది కూడా ఒకందుకు మంచిదే. కానీ ఆయన నవ్వలేదు. నువ్వు కరిగిపోతుంది అన్నచోట ఆపి మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను.

నేనే గట్టిగా అడిగితే చెప్పాడు. "సిమెంటు కరిగితే దాన్ని పట్టుకుని ఉన్న ఎముక కరగదా? పక్కపక్కనే ఉంటాయి కదా రెండూ. అది ఎక్కడ ఆగాలో దానికెవరు చెబుతారు?"

ఎముకలు పిండైపోయిన మనుషుల్ని ఆయన చూశాడు. జల్లెడ పట్టినా దొరకని వాళ్ళని చూశాడు. ఆ ఇళ్ళల్లో ఏడుపు చచ్చినరోజు ఏడుపు కన్నా ఎక్కువ ఉంటుంది. అందరినీ పిడికెడు కూడా పోనీయకుండా ఎత్తిన మనిషికి, రేపు తనని ఎత్తేవాడు మోకాలు లేదమ్మా అంటాడేమోనని దిగులు. కాలు వంగకపోయినా సరే, ఎముక ఉంటే చాలని ఇప్పుడు అంటున్నాడు. మొన్నటి దాకా వంగకపోతే బతకనన్నాడు.

నీ మీద నమ్మకం లేక కాదు. మియెన్ చేసింది మంచిదే అయి ఉంటుంది, నా ఎముకకి ఆ సంగతి తెలియాలి కదా అంటున్నాడు. నేనేం చెప్పను? నాకు తెలిసింది బాతులు, వరి. బస్సు టిక్కెట్లు మాత్రం తీయలేదు. త్వరగా రాయి.

మీ అత్త,
లువా


హనోయ్,
9 మార్చి 2009

అత్తా, మావయ్యా,

ఈసారి ఇద్దరికీ రాస్తున్నాను.

ఈ కరగడం అనే మాట మేం పొద్దస్తమానం వాడుతూ ఉంటాం గనక నాకు వినపడలేదు. మీ ఇంట్లో అదెలా వినపడుతుందో ఆలోచించలేదు. నేను మాట మారుస్తున్నాను. అది కరగదు మావయ్యా, చోటిస్తుంది.

నాన్న ఎముకలెత్తిన రోజు నాకు తొమ్మిదేళ్ళు. ఎండ పడకుండా గొడుగు పట్టుకోమని నన్నే నిలబెట్టావు. అందరూ పసిపిల్లని తీసుకెళ్ళమంటే, "వాళ్ళ నాన్నకి నీడ అది పట్టకపోతే ఎవరు పడతారు?" అన్నావు. మోకాలి దగ్గర ఎముక కడుగుతూ నాకు చూపించావు, పైన నున్నగా, లోపల తేనెపట్టులాగా సన్నటి గదులు. రాయిలా గట్టిగా ఉంటుందనుకున్నాను, అంత తేలిగ్గా ఉందేమిటని అడిగాను. "అన్ని కిటికీలున్నాయి గనకే ఇన్నాళ్ళు నిలబడింది" అన్నావు. నేను ఈ చదువుకి వచ్చింది ఆ గదులు చూసే. ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మా ముద్ద గట్టిపడితే రాయిలా ఉంటుంది, కిటికీలుండవు. అందుకని అందులో ఆవగింజ కన్నా చాలా సన్నటి గింజలు కలుపుతాం. ముందు అవి పోతాయి. అవి పోయినచోట కిటికీలు పడతాయి. వాటిలోంచి నెత్తురొస్తుంది, నీ ఎముక లోపలికి పాకుతుంది. అది పాకిన మేరకే సిమెంటు తగ్గుతుంది, ఎముకని మాత్రం ముట్టదు. ముద్ద పోయేసరికి అక్కడ ఉండేది నీదే. కొనుక్కున్నదీ కాదు, తుంటిలోంచి తవ్విందీ కాదు, అక్కడే పుట్టింది.

నీకు అబద్ధం చెప్పలేను గనక మిగతాది కూడా వినాలి. పాత మిశ్రమం ఒక మేకకి పెట్టాం. ఏడాది తర్వాత చూస్తే ముద్ద గులకరాయిలా అలాగే కూర్చుని ఉంది. ఇంకో మేకలో వేరే మిశ్రమం ఎముక రాకముందే పోయి గుంట మిగిలింది. ఈ మూడేళ్ళూ ఆ రెంటికీ మధ్య సరైన చోటు వెతకడమే నా పని. ఇప్పటిది బాగానే ఉంది. కానీ నీ వయసు ఒంట్లో మొత్తం చోటివ్వడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరం చెప్పలేం. ఐదారేళ్ళు అనుకుంటున్నాం. ఆ లోపల తీసి చూస్తే ముక్కలు కనపడతాయి.

ఎముకని పట్టి ఉంచడానికి ఇనప పలక, మరలు కూడా పెడతారు. ఏడాది తర్వాత అవి తీసేస్తారు, ఆ మాట డాక్టరుగారితో కాగితం మీద రాయించుకున్నాను.

ఇక నీ ఇష్టం. రాకపోయినా నాకు కోపం లేదు.

మీ గొడుగు పిల్ల,
మియెన్


దోంగ్ సాయ్,
10 మార్చి 2009

మియెన్,

రేపటి తొలి బస్సుకి వస్తున్నాం. మీ మావయ్య చెప్పమన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఐదారేళ్ళ లోపల తీస్తే ముక్కలు కనపడతాయంది కదా. అయితే అప్పటిదాకా చావను. దానికేముంది."

కోడి ఇంకా కుండీ మీదే ఉంది.

అత్త


దోంగ్ సాయ్,
20 సెప్టెంబరు 2009

బంగారు తల్లికి,

నిన్న మీ మావయ్య గొంతుక్కూర్చున్నాడు. డాక్టరు అప్పుడే వద్దన్నాడని నాకు తెలుసు, నన్ను తిట్టకు. నేను బాతులకి గింజలు వేసి వచ్చేసరికి పెరట్లో కూర్చుని కుండీని తడుముతున్నాడు. లేచి నిలబడటానికి గోడ పట్టుకున్నాడు గానీ నన్ను పట్టుకోలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు మియెన్. మంచి జరిగినప్పుడు చెప్పే మాటలు నాకు చాలా తక్కువ వచ్చు.

ఒక చిక్కొచ్చింది. పులుపు తింటే సిమెంటు పోతుందని హువె చెప్పింది. అప్పటి నుంచి పులుసు ముట్టడు, నిమ్మకాయ చూస్తే మొహం తిప్పుకుంటాడు. చింతకాయ తిన్న చేత్తో వడ్డించినా ఒప్పుకోడు. ఏం చెయ్యమంటావు?

ఇంకోటి, ఆపరేషన్ రోజు నువ్వు గది బయట నేల మీద కూర్చున్నావని నర్సమ్మ చెప్పింది. నువ్వు నాకు చెప్పలేదు. నాకు తెలియలేదనుకోకు.

అత్త


హనోయ్,
26 సెప్టెంబరు 2009

అత్తా,

తినే పులుపు పొట్టలోనే ఆగిపోతుంది, మోకాలి దాకా వెళ్ళదు. పులుసు చేసి పెట్టు. హువె పిన్నికి డాక్టరు చదువు ఎప్పుడు అబ్బిందో కూడా అడుగు.

గొంతుక్కూర్చున్న కబురు మా గదిలో అందరికీ చదివి వినిపించాను. గింజలు జల్లెడపట్టే అమ్మాయి నుంచి పెద్దాయన దాకా అందరూ పని ఆపి విన్నారు. మేం ఇన్నాళ్ళూ చూసింది మేకల్నీ కుందేళ్ళనీ అత్తా. అవి ఎప్పుడూ మాకు ఉత్తరం రాయలేదు.

మియెన్


దోంగ్ సాయ్,
14 నవంబరు 2010

మియెన్‌కి,

పలక, మరలు తీశారు. డాక్టరు పారేయబోతే మీ మావయ్య కడిగించి ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆ పలక మన వంటింటి తలుపుకి బందు. ఇన్నేళ్ళుగా కిర్రుమంటున్న తలుపు నోరు మూసుకుంది. "నా కాల్లో ఏడాదిన్నర ఊరికే కూర్చుంది, ఇప్పుడు పని చెయ్యనీ" అంటాడు.

నువ్వు పులుపు సంగతి రాశాక ఇంకో తలనొప్పి పట్టుకుంది. పులుపుకి సిమెంటు నిజంగా కరిగితే బాగుండునని ఇప్పుడు ఆయన ఆశ. త్వరగా చోటిస్తుందని పూటపూటకీ పుల్ల చారు, అన్నంలో వెనిగర్. మోకాలి దాకా వెళ్ళదని మియెన్ చెప్పిందంటే, "దానికి తెలియని దారి ఏదైనా ఉండొచ్చు" అంటాడు. ఆ వంటలు తిని నాకు కడుపులో మంట.

పనికి మళ్ళీ పోతున్నాడు. ఈ చలికాలంలో పిలవని ఊరు లేదు. ఏ ఇంట్లో ఎముకలెత్తినా, పని అయ్యాక కాలు చాపి పంట్లాం పైకి లాగి నీ సంగతి చెబుతున్నాడట. మా మేనకోడలు నాలో కిటికీలు పెట్టింది అంటున్నాడట. పరువు తీస్తున్నాడనుకో.

అత్త


హనోయ్,
2 జూన్ 2014

అత్తా, మావయ్యా,

మొన్న తీసిన ఫోటో చూశాను. మొదటి ఫోటోలో తెల్లగా ముద్దలా కనపడింది ఇప్పుడు దాదాపు లేదు. ఒక మూల చిన్న మబ్బులా ఉంది, అంతే. చుట్టూ అంతా ఎముకే.

మా సభలో దాన్ని గోడంత పెద్దది చేసి చూపించారు. దేశాల నుంచి వచ్చిన వాళ్ళంతా మావయ్య మోకాలిని అరగంట సేపు చూశారు. పేరు చెప్పకూడదు కాబట్టి రోగి అని మాత్రమే అన్నారు. నాకు లేచి నిలబడి, అది మా మావయ్యది, నాకు అన్నం తినిపించినాయనది అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. అందుకే మీకు రాస్తున్నాను.

ఆ మబ్బు కూడా పోవాలి మావయ్యా. ఇంకొన్నాళ్ళుండు.

మియెన్


హనోయ్,
10 నవంబరు 2019

అత్తా,

మావయ్య పోయి మూడేళ్ళు దాటింది. ఎముకలెత్తే రోజు నిర్ణయించానని రాశావు. ఆ రోజు నేను రాలేనని రాయడానికి రెండు రోజులుగా కలం పట్టుకుని కూర్చున్నాను. నాకు ఆరో నెల. కడుపుతో ఉన్న మనిషి సమాధి దగ్గరికి రాకూడదని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. నువ్వూ ఒప్పుకోవని తెలుసు. గొడుగు నేనే పట్టాలి. పట్టలేకపోతున్నాను.

ఒక్కటి అడుగుతాను. కుడి మోకాలు చూడు అత్తా. ఆఖరి ఫోటో తర్వాత రెండేళ్ళున్నాడు, ఆ చిన్న మబ్బు పోయిందో లేదో నాకు తెలియదు. ముక్క కనపడితే కనపడిందనే రాయి. నన్ను ఓదార్చడానికి ఏమీ మార్చకు. నాది కానిది నాలో ఉండకూడదన్నాడు, నేను మాట ఇచ్చాను. నిలబెట్టుకున్నానో లేదో తెలియాలి.

మియెన్


దోంగ్ సాయ్,
1 డిసెంబరు 2019

మియెన్ తల్లికి,

పని బాగా జరిగింది. ఎముకలు ఎత్తింది మీ మావయ్య దగ్గర పని నేర్చుకున్నతనే. ఎముకలు కడగడానికి అయిదు సుగంధ దినుసులు వేసిన నీళ్ళు నేనే కాచాను. గొడుగు కూడా నేనే పట్టాను, నీ బదులు. చేతులు లాగాయి గానీ ఎవరికీ ఇవ్వలేదు.

కుండీ నీకు తెలిసిందే. కాలవలో పడ్డది, కోడి కూర్చున్నది. ఎప్పుడు కొత్తది తెద్దామన్నా, "దానికి ఏం తక్కువ? నాతో పాటు పడింది, నాకన్నా గట్టిగా ఉంది" అనేవాడు. అందులోనే పడుకోబెట్టాం.

అతను తల నుంచి వరసగా తీస్తూ, కడుగుతూ, కాళ్ళ దాకా వచ్చాడు. రెండు కాళ్ళ ఎముకలూ పక్కపక్కన పరిచి, "దెబ్బ తగిలింది ఏ కాలమ్మా?" అన్నాడు. కుడికాలన్నాను. చేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు. ఎడమది తీసి పక్కన పెట్టి చూశాడు. మళ్ళీ కుడిది చూశాడు. "మీకు గుర్తున్నది నిజమేనా?" అన్నాడు. పదకొండు వారాలు నా భుజం ఆసరాతో నడిచిన కాలు నాకు గుర్తుండదా?

నా చేతికిమ్మన్నాను. ఇవ్వకూడదు, కానీ ఇచ్చాడు. బాగా కనపడాలని గొడుగు కొంచెం పక్కకి జరిపాను, ఎండ పడుతోందని అతను కేకలేశాడు. పడనీ అనుకున్నాను. నువ్వు అడిగావు కదా. మట్టి తుడిచి, నీళ్ళలో ముంచి, వేలు పెట్టి తడిమాను. మరలు దిగిన చోట కూడా నున్నగా పూడుకుపోయి ఉంది. ఒక అంచు దగ్గర కొంచెం చితికింది, మట్టిలో అలా అవుతుందట, అక్కడ లోపలి గదులు కనపడ్డాయి. మీ నాన్న రోజున ఆయన నీకు చూపించినవే. అప్పుడు నేను చూడలేదు, ఏడుస్తూ ఉన్నాను. ఇప్పుడు చూశాను. నువ్వు పెట్టినవేవో ఆయనవేవో నాకు తెలియలేదు.

ఏమీ మార్చకుండా రాస్తున్నాను. నీ సిమెంటు ఎక్కడా లేదు తల్లీ. ఎంత వెతికినా లేదు. మీ మావయ్య మాత్రం మొత్తం ఉన్నాడు.

జాగ్రత్తగా ఉండు. గుడ్లు పంపుతున్నాను, కడుపులో వాడికీ కలిపి.

మీ అత్త,
లువా